తిరుపతిలో సుఖవ్యాధుల క్లినిక్‌కు గుట్టుగా వెళ్లి రావడం ఎలా

“మేడం, మూత్రానికి పోతే మంట. నెల దాటింది. యాడికి పోవాలో చెప్పండి. నా పేరు మాత్రం బయటికి రాకూడదు.”

కాస్త అటూ ఇటూగా ఇదే మాట నన్ను అడుగుతూనే ఉంటారు. చంద్రగిరి వైపు నుంచి ఆటో నడిపే తమ్ముడు, పుత్తూరు నుంచి పెళ్లయి ఏడాది తిరగని అమ్మాయి, హాస్టల్‌లో ఉండి చదువుకునే కుర్రాడు, ఎవరైనా సరే, జబ్బు గురించి అడిగేది తక్కువ. చీటీ కౌంటర్ దగ్గర ఏం చెప్పాలి, లోపల ఎవరైనా తెలిసినవాళ్లు కనబడితే ఎట్లా అన్న టెన్షనే ఎక్కువ. చిత్తూరు జిల్లాలో కొన్నేళ్లు కౌన్సెలింగ్ గదిలో కూర్చున్నదాన్ని కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. అక్కడ మీ సంగతి ఇద్దరికే చెప్పాలి: కౌన్సెలర్‌కు, డాక్టర్‌కు. చీటీ రాసేవారికి, గేటు దగ్గర సెక్యూరిటీకి, బెంచీ మీద పక్కన కూర్చున్న పెద్దమ్మకు చెప్పాల్సిన పని లేదు. ఆ ఇద్దరి దాకా ఎలా చేరాలో, తర్వాత ఏం చేయాలో వరసగా రాస్తున్నాను.

ముందు ఇది చూసుకోండి: రేపటికి వాయిదా వేయకూడనివి

కింద చెప్పినవాటిలో ఏదైనా ఉంటే ఓపీ కోసం ఆగొద్దు. అర్ధరాత్రయినా నేరుగా పెద్దాసుపత్రి కాజువాలిటీకి వెళ్లండి.

- హెచ్‌ఐవీ ఉందని తెలిసిన మనిషితోనో, ఉందో లేదో తెలియని మనిషితోనో కండోమ్ లేకుండా కలిసి, లేదా కండోమ్ చిరిగి, ఇంకా 72 గంటలు దాటలేదు. హెచ్‌ఐవీ సోకకుండా వేసే మందులు ఉన్నాయి. వాటిని పెప్ అంటారు. 72 గంటల లోపల మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. మొదటి రెండు గంటల్లోనే పడితే మరీ మేలు. “రేపు సోమవారం, ఓపీకి పోదాంలే” అనుకుని ఈ అవకాశం పోగొట్టుకున్నవాళ్లను చూశాను.
- మీ మీద బలవంతం జరిగింది. ప్రభుత్వ ఆసుపత్రయినా ప్రైవేటయినా ఉచితంగా చికిత్స చేయాలని చట్టం ఉంది. ముందు పోలీసు కేసు పెట్టి రండి అని వెనక్కి పంపకూడదు. వీలైతే స్నానం చేయకుండా, ఆ బట్టలతోనే వెళ్లండి. సాయానికి 181 నంబరుకు ఫోన్ చేయొచ్చు.
- మగవారికి ఒక వృషణం ఉన్నట్టుండి వాచి, భరించలేనంత నొప్పి. ఇది సుఖవ్యాధి కాకపోవచ్చు, లోపల మెలిక పడి ఉండవచ్చు. కొన్ని గంటల్లో ఆపరేషన్ చేయకపోతే ఆ వృషణం పోతుంది.
- గర్భిణికి, లేదా నెల తప్పిన స్త్రీకి, పొత్తికడుపు నొప్పితో పాటు జ్వరమో రక్తస్రావమో ఉంది.

ఎక్కడికి వెళ్లాలి

సుఖవ్యాధులకు ప్రభుత్వం ఉచితంగా నడిపే క్లినిక్ పేరు సురక్ష క్లినిక్. హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ చేసే గది బోర్డు మీద ఐసీటీసీ అని ఉంటుంది. కొన్నిచోట్ల సంపూర్ణ సురక్షా కేంద్రం అని కూడా కనబడుతుంది. బోర్డు ఏదైనా గాభరా పడొద్దు, ఒక గదిలోకి వెళ్తే రెండో గదికి వాళ్లే దారి చూపిస్తారు.

తిరుపతిలో అయితే అలిపిరి రోడ్డులో ఉన్న రుయా ఆసుపత్రి. వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రి కాబట్టి చర్మవ్యాధుల విభాగం, పరీక్షలు, కౌన్సెలింగ్, హెచ్‌ఐవీ మందులు అన్నీ ఒకే ఆవరణలో దొరుకుతాయి. ఆడవారు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో గైనిక్ ఓపీకి వెళ్లొచ్చు. చిత్తూరులో జిల్లా ఆసుపత్రి ఉంది.

“మా ఊరివాళ్లంతా అక్కడే తిరుగుతుంటారు మేడం” అంటారు చాలామంది. నిజమే, చిన్న ఊళ్లు. కానీ ఫలానా ఊరివాళ్లు ఫలానా ఆసుపత్రికే రావాలన్న నియమం లేదు. చిత్తూరు వాళ్లు తిరుపతికి రండి, తిరుపతి వాళ్లు చిత్తూరుకో మదనపల్లెకో వెళ్లండి. బస్సు చార్జీతో పోయే భయం అది.

ప్రైవేటుకే వెళ్తామంటే తప్పు లేదు. బోర్డు మీద డాక్టర్ పేరు పక్కన ఎండీ డీవీఎల్ అనో, డీడీవీఎల్ అనో ఉందా చూడండి. డీవీఎల్‌లో నడిమి అక్షరమే సుఖవ్యాధుల చదువు. బస్టాండు మరుగుదొడ్ల గోడలకు, రైలు పెట్టెలకు అంటించే “రహస్య వ్యాధులు గ్యారంటీగా నయం, ప్రతి శుక్రవారం ఫలానా లాడ్జి” కాగితాలు నమ్మకండి. సుఖవ్యాధులు నయం చేస్తామని అలా ప్రకటించుకోవడాన్నే 1954 నాటి చట్టం నిషేధించింది. లాడ్జి గదిలో వేలకు వేలు పోసి పొడులు, లేహ్యాలు తెచ్చుకుని, ఆరు నెలల తర్వాత ఒళ్లంతా దద్దుర్లతో మా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లకు కావలసింది ఒక్క ఇంజెక్షన్, అదీ ఉచితంగా దొరికేది.

ఎటు వెళ్లాలో తేలకపోతే ముందు 1097కు ఫోన్ చేయండి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపే ఉచిత హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడొచ్చు, పేరు చెప్పక్కర్లేదు. ఇంట్లో ఫోన్ ఇంకొకరు కూడా చూస్తారంటే మాట్లాడాక కాల్ లిస్టులోంచి తీసేయండి.

ఏమేం తీసుకెళ్లాలి

- ఇప్పటిదాకా వాడిన మాత్రల అట్టలు, రాసిన చీటీలు, పాత పరీక్షల కాగితాలు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవైనా సరే, ఖాళీ అట్టయినా సరే.
- ఒక చిన్న కాగితం మీద మూడు తేదీలు: చివరిసారి కండోమ్ లేకుండా కలిసింది ఎప్పుడు, బాధ మొదలైంది ఎప్పుడు, ఆడవారైతే చివరి నెలసరి ఎప్పుడు. లోపల కూర్చున్నాక కంగారులో ఇవే గుర్తుకు రావు.
- మీ చేతిలోనే ఉండే ఫోన్ నంబరు. ఇంటి నంబరో, ఇంటాయన నంబరో ఇవ్వకండి.
- బయటికి కనబడని సంచి ఒకటి, మందులకు.
- నీళ్ల సీసా, తినడానికి ఏదైనా. హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బీ పరీక్షలకు పరగడుపున రానక్కర్లేదు. ఖాళీ కడుపుతో క్యూలో నిలబడి కళ్లు తిరిగి పడిపోయేవాళ్లే ఎక్కువ.
- గుర్తింపు కార్డు ఉంటే దగ్గర పెట్టుకోండి. ఓపీ దగ్గర ఆధార్, ఆభా (ప్రభుత్వ ఆరోగ్య ఖాతా) నంబరు అడగొచ్చు. ఆభా తప్పనిసరి కాదు, వద్దనుకుంటే వద్దని చెప్పొచ్చు.

ఇప్పుడు ఒక్కొక్క అడుగు

1. రోజు, వేళ చూసుకోండి. ఉదయం ఓపీ తెరిచే వేళకే చేరుకోండి. వారం మొదట్లో, పండగ సెలవుల మర్నాడు రద్దీ ఎక్కువ. వారం మధ్యలో వెళ్తే కౌన్సెలర్ మీతో తీరిగ్గా మాట్లాడగలుగుతారు. మగవారికి స్రావం కారుతుంటే పరీక్షకు ముందు గంటా రెండు గంటలు మూత్రం పోయకుండా ఉంటే మంచిది, లేకపోతే నమూనా సరిగ్గా రాదు. ఆడవారు ముందు రోజు నుంచి లోపల కడగడం, మాత్ర పెట్టుకోవడం, క్రీమ్ రాయడం ఆపండి. నెలసరి రోజుల్లో లోపలి పరీక్ష కుదరదు. బాధ ఎక్కువగా ఉంటే మాత్రం ఆ రోజులనీ చూడకుండా వచ్చేయండి.

2. చీటీ కౌంటర్ దగ్గర ఒక్క మాట చాలు. మగవారైతే “స్కిన్ ఓపీ”, ఆడవారైతే “గైనిక్ ఓపీ” లేదా “స్కిన్ ఓపీ” అనండి. అంతకుమించి చెప్పొద్దు. దురదకు, తామరకు, బొల్లికి వచ్చేవాళ్లంతా ఆ స్కిన్ ఓపీలోనే ఉంటారు, మిమ్మల్ని ఎవరూ ప్రత్యేకంగా చూడరు. “ఏం సమస్య?” అని కౌంటర్‌లో గట్టిగా అడిగితే “డాక్టర్‌తో చెప్తాను సార్” అనండి. అది మొండితనం కాదు, అలా అనే హక్కు మీకుంది. హెచ్‌ఐవీ పరీక్ష ఒక్కటే కావాలంటే “ఐసీటీసీ యాడుందనా?” అని అడిగి నేరుగా వెళ్లిపోవచ్చు.

3. పేరు గట్టిగా పిలుస్తారేమో అనుకుంటే ముందే చెప్పండి. ఒకచోట వరండాలో యాభై మంది ఉండగా ఒక అమ్మాయి ఇంటిపేరుతో సహా పిలిచి, వెంటనే పరీక్ష పేరు కూడా చదివారు. ఆ అమ్మాయి లేచి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఆమెను మళ్లీ రప్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది. అందుకే చెబుతున్నాను, చీటీ లోపల ఇచ్చేటప్పుడే “నంబరుతో పిలవండి మేడం” అని అడగండి. అడిగితే చాలామంది వింటారు.

4. కౌన్సెలర్ గదిలో తలుపు మూసి ఉందా చూసుకోండి. లేకపోతే మూయమనండి. ఇక్కడ అడిగేవి ఇబ్బందిగానే ఉంటాయి. ఎవరితో, ఎంతమందితో, ఎలా, కండోమ్ వాడారా లేదా అని అడుగుతారు. తప్పు పట్టడానికి కాదు. ఏ పరీక్ష చేయాలో, ఏ మందు పనిచేస్తుందో ఆ జవాబులతోనే తేలుతుంది. నోటితో, వెనక వైపు కలిస్తే గొంతులో, మలద్వారంలో కూడా చూడాలి. మగవారు మగవారితో కలిసినా అంతే. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఇష్టంతో కలిసిన పెద్దల మధ్య అది నేరం కాదు, చెప్పడానికి భయపడక్కర్లేదు. హిజ్రా, ట్రాన్స్ అక్కలకు, సెక్స్ వర్కర్లకు ఒంటరిగా రావడం కష్టమనిపిస్తే, స్వచ్ఛంద సంస్థలు హెచ్‌ఐవీ నివారణకు నడిపే టీఐ ప్రాజెక్టుల వాళ్లు తోడు వస్తారు. వాళ్ల నంబరు కౌన్సెలరే ఇస్తారు.

   18 ఏళ్లు నిండని పిల్లల విషయం వేరు. హెచ్‌ఐవీ పరీక్షకు తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి. లైంగిక చర్య జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఆసుపత్రి వాళ్లు సమాచారం ఇవ్వాల్సి ఉంటుంది. ఆ పిల్లలకు ధైర్యం చెప్పి వెంట వచ్చే పెద్దవారు ఒకరు కావాలి. ఎవరూ లేరంటే 1098కు ఫోన్ చేయమనండి.

5. పరీక్షకు ముందు మీ ఒప్పుకోలు అడగాలి. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ నియంత్రణ చట్టం 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మీకు చెప్పకుండా, మీరు ఒప్పుకోకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు, ఫలితం ఇతరులకు చెప్పకూడదు. ఐసీటీసీలో రక్తం సీసా మీద పేరు ఉండదు, నంబరు ఉంటుంది. ఆ నంబరు మీరూ రాసుకోండి.

   ఇక్కడ ఒక మినహాయింపు ఉంది, దాచకుండా చెప్పాలి. హెచ్‌ఐవీ ఉందని తేలి, భార్యకో భర్తకో సోకే ప్రమాదం గట్టిగా ఉండి, ఎంత నచ్చజెప్పినా మీరు చెప్పరని డాక్టర్‌కు అనిపిస్తే, మీకు ముందుగా తెలియజేసి, ఆ తర్వాత డాక్టరో కౌన్సెలరో వాళ్లకు చెప్పొచ్చు. అదీ వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి, కౌన్సెలింగ్ చేసి చెప్పాలి. చెబితే ఇంట్లో కొడతారు, వెళ్లగొడతారు అన్న భయం ఉన్న స్త్రీల విషయంలో ఈ నియమం వర్తించదు. అలాంటి భయం ఉంటే కౌన్సెలర్‌తో ఆ మొదటి రోజే చెప్పండి.

6. డాక్టర్ పరీక్ష. బట్ట తొలగించి చూపించాల్సి వస్తుంది. చూడకుండా మందు రాసే డాక్టర్ దగ్గర ఆగొద్దు. ఆడవారు పక్కన నర్సమ్మ ఉండాలని అడగొచ్చు, ఉండాలి కూడా. లోపలి పరీక్షకు ఒక పరికరం పెడతారు. గట్టిగా ఊపిరి వదులుతూ ఒళ్లు వదులు చేస్తే నొప్పి తక్కువ. ఈ గదిలో మూడు విషయాలు మీ అంతట మీరే చెప్పాలి: గర్భం ఉందేమోనన్న అనుమానం, పెన్సిలిన్ పడకపోవడం, ఇప్పటికే వాడిన మందులు.

   మాట కోసం తడుముకోవద్దు. మన వైపు మాటలే చెప్పండి. సెగ పట్టినట్టుంది, చీము పడుతోంది, తెల్లబట్ట వాసనగా అవుతోంది, గజ్జల్లో గడ్డ కట్టింది, అక్కడ పుండు పడింది అంటే డాక్టర్లకు బాగా అర్థమవుతుంది. “వేడి చేసింది” అని మాత్రం ఆపేయకండి. ఆ మాటకు వాళ్లు మజ్జిగ తాగమని పంపించినా పంపిస్తారు.

7. రక్తం ఇవ్వండి, ఫలితం మీ చేతికే తీసుకోండి. సుఖవ్యాధి ఏదున్నా హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ చేయించుకోవాలి. ఒకటి ఉన్నచోట రెండోది చేరడం తేలిక. హెచ్‌ఐవీ ఫలితం చాలాసార్లు అదే రోజు వస్తుంది. మొదటి పరీక్షలో రియాక్టివ్ అని వచ్చినంత మాత్రాన ఉన్నట్టు కాదు. వేరు వేరు కిట్లతో మూడు పరీక్షలు చేసి ఖాయం చేస్తారు. ప్రైవేటు ల్యాబ్‌లో ఒక్క పరీక్ష చేసి చేతిలో కాగితం పెడితే, ఆ కాగితం పట్టుకుని ఐసీటీసీకి రండి. ఇంకెటూ వెళ్లకండి.

8. మందులు. సురక్ష క్లినిక్‌లో లక్షణాన్ని బట్టి రంగు కవర్లలో కిట్లు ఇస్తారు. చీము, స్రావానికి బూడిద రంగు, తెల్లబట్టకు ఆకుపచ్చ, పుండుకు తెలుపు, పుండు ఉండి పెన్సిలిన్ పడనివారికి నీలం, హెర్పిస్ పొక్కులకు ఎరుపు, పొత్తికడుపు నొప్పికి పసుపు, గజ్జల్లో గడ్డకు నలుపు. అందుకే బయటికి కనబడని సంచి తెమ్మన్నాను. కిట్ స్టాక్ లేకపోతే మాత్రలు విడిగా ఇస్తారు, అవీ ఇవీ ఒకటే. మోతాదులు ఇక్కడ కావాలనే రాయడం లేదు. రాస్తే ఈ కాగితమే తీసుకుని మెడికల్ షాపుకు వెళ్తారు.

   ఒక్కసారే మింగాల్సిన మాత్రలు ఉంటే నర్సమ్మ ముందే మింగేయండి. ఇంటికి తీసుకెళ్తే అవి ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సమస్య. పెన్సిలిన్ ఇంజెక్షన్ పిరుదుకు వేస్తారు, నొప్పిగానే ఉంటుంది. వేసుకున్నాక అరగంట అక్కడే కూర్చోండి. ఆ రాత్రి జ్వరం, వణుకు రావచ్చు. సిఫిలిస్ క్రిములు చచ్చేటప్పుడు అలా అవుతుంది, మర్నాటికి తగ్గుతుంది. ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరి ఆడకపోతే మాత్రం అది మందు పడకపోవడం, వెంటనే కాజువాలిటీకి.

   తెల్లబట్టకు ఇచ్చే కొన్ని మాత్రలతో మద్యం తాగితే విపరీతమైన వాంతులవుతాయి. డాక్సీసైక్లిన్ అనే మాత్ర ఇస్తే గ్లాసు నిండా నీళ్లతో మింగి, వెంటనే పడుకోకండి, గొంతులో పుండు పడుతుంది.

9. బయటికి వచ్చేముందు మూడు అడగండి. మళ్లీ ఎప్పుడు రావాలి? నా భాగస్వామికి మందు ఎలా? కండోమ్‌లు ఇస్తారా? మూడోది అడగడానికి సిగ్గుపడతారు. అక్కడ ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోండి.

10. కాగితాలు ఎక్కడ పెడతారో దారిలోనే ఆలోచించుకోండి. రిపోర్టు ఫొటో తీసి వాట్సాప్‌లో ఎవరికో పంపించుకుంటారు, అది ఇంట్లో అందరూ చూసే ఫోన్ గ్యాలరీలో వచ్చి కూర్చుంటుంది. ఫొటో వద్దు. కాగితం మడిచి మీకు మాత్రమే తెలిసిన చోట దాచండి, పారేయకండి. దాచడానికి అసలు చోటు లేదంటే కౌన్సెలర్‌తో చెప్పండి, మీ నంబరు రాసుకుంటే చాలు, రిజిస్టర్‌లో వివరం ఉంటుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మజ్జిగ, సబ్జా నీళ్లు, బార్లీతో వారాలు గడపడం. తిరుపతి ఎండలకు మూత్రంలో మంట రావడం మామూలే కాబట్టి చాలామంది ఇక్కడే మోసపోతారు. గుర్తు పెట్టుకోండి: నీళ్లు బాగా తాగినా రెండు మూడు రోజుల్లో తగ్గని మంట, లోపలి బట్టకు అంటుకునే చీము, ఏ పుండయినా ఎండ వల్ల వచ్చేవి కావు.

పుండు మానింది కదా, జబ్బు పోయిందనుకోవడం. నేను చూసినవాటిలో ఎక్కువ నష్టం చేసింది ఇదే. సిఫిలిస్ పుండుకు నొప్పి ఉండదు. మందు వేసినా వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతట అదే మానిపోతుంది. క్రిమి రక్తంలో ఉండిపోతుంది. కొన్ని వారాలకో నెలలకో అరిచేతుల్లో, అరికాళ్లలో దద్దుర్లుగా వస్తుంది, అవీ పోతాయి. ఏళ్ల తర్వాత గుండెను, మెదడును పట్టుకుంటుంది. గర్భిణికి ఉంటే కడుపులో బిడ్డ పోవచ్చు. ఏనాడో మానిపోయిన పుండు మీకు గుర్తుంటే, ఇప్పుడు ఏ బాధా లేకపోయినా ఒక్క రక్తపరీక్ష చేయించుకోండి.

మెడికల్ షాపులో “సెగకు మాత్ర ఇవ్వన్నా” అని అడగడం, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ పొడిపించుకోవడం. సగం మోతాదుకు క్రిమి చావదు, మొండికేస్తుంది. పైగా లక్షణం అణిగిపోయి పరీక్షలో ఏమీ దొరకదు. ఇప్పటికే అలా వేసుకుని ఉంటే సిగ్గుపడి దాచకండి, ఆ అట్ట చూపించండి.

దురద క్రీమ్ రాయడం. స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ రాస్తే రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత తామరైనా పుండైనా రెట్టింపవుతుంది. డెట్టాల్, ఉప్పు నీళ్లతో కడగడమూ ఇంతే, లేత చర్మం కాలి కొత్త పుండ్లు పడతాయి. మామూలు నీళ్లు చాలు.

తొందరపడి పరీక్ష చేయించుకుని ధైర్యం తెచ్చుకోవడం. నిన్న కలిసి ఇవాళ హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుంటే నెగెటివ్ వస్తుంది. నిన్నటి సంగతి ఆ పరీక్షకు తెలియదు. ఇవాళ చేయించుకోండి, మళ్లీ మూడు నెలలు నిండాక చేయించుకోండి. ఆ రెండో నెగెటివ్‌నే నమ్మాలి, అదీ ఈ మధ్యలో కొత్త ప్రమాదం లేకపోతేనే. సిఫిలిస్‌కూ ఇదే లెక్క.

తాను మందు వేసుకుని ఇంట్లోవాళ్లకు చెప్పకపోవడం. భర్తకు తగ్గుతుంది, భార్య దగ్గర నుంచి మళ్లీ వస్తుంది, ఆయన మళ్లీ మందు వేసుకుంటాడు. ఆమెకు బయటికి ఏ లక్షణమూ లేకుండా లోపల గర్భనాళాలు మూసుకుపోతాయి. పిల్లలు పుట్టకపోతే మాట పడేది ఆమే. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఎలా చెప్పాలో తెలియకపోతే ఇలా మొదలుపెట్టండి: “నాకు ఇన్‌ఫెక్షన్ ఉందంట. డాక్టరు ఇద్దరం మందు వేసుకోవాలన్నారు. నువ్వూ ఒకసారి రా.” ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న పంచాయితీ ఆ రోజు వద్దు. ఎన్నాళ్ల కిందట సోకిందో, ఎవరు తెచ్చారో పరీక్షతో తేలదు కూడా. చాలామందికి నెలల తరబడి లక్షణాలే ఉండవు. చెప్పలేనంటే కౌన్సెలర్ దగ్గర ఒక చీటీ తీసుకోండి. దానితో వాళ్లు విడిగా వచ్చి చూపించుకోవచ్చు.

ఇంకొకటి. తెల్లబట్ట అయిన ప్రతి ఆడమనిషికీ సుఖవ్యాధి ఉన్నట్టు కాదు. నెలసరికి ముందు, గర్భంలో కొంత అవుతుంది. షుగర్ ఉన్నవారికి ఫంగస్ వల్ల పెరుగు విరిగినట్టు అవుతుంది. దాన్ని పట్టుకుని మొగుడూ పెళ్లాలు అనుమానాలతో విడిపోయేదాకా వెళ్లకండి, ముందు చూపించుకోండి.

హెచ్‌ఐవీ ఉందని ఖాయమైతే

ఆ రోజు ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. బస్సెక్కి ఒంటరిగా ఇంటికి వెళ్లొద్దు. కౌన్సెలర్ దగ్గరే కాసేపు కూర్చోండి, నమ్మకమైనవాళ్లను ఒక్కరిని పిలిపించుకోండి. మనసు చెదిరిపోతుంటే 14416 నంబరుకు ఫోన్ చేయండి, మానసిక సాయానికి ఉన్న ఉచిత నంబరు అది. 2017 నుంచి మన దేశంలో సీడీ4 (రక్తంలో రోగనిరోధక కణాల లెక్క) ఎంత ఉన్నా, హెచ్‌ఐవీ ఉందని తేలిన అందరికీ ఏఆర్‌టీ అనే హెచ్‌ఐవీ మందులు ఉచితంగా ఇస్తున్నారు. రోజూ తప్పకుండా వేసుకుని, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గి, అలాగే నిలబడితే, కలయిక ద్వారా ఇంకొకరికి సోకదు. పిల్లల్ని కన్నవాళ్లు, ఆ పిల్లలకు పెళ్లిళ్లు చేసినవాళ్లు ఇక్కడే మన జిల్లాలోనే ఉన్నారు.

ఎవరైనా మీ గుట్టు బయటపెడితే

తేదీ, వేళ, ఏ గదిలో, ఏం మాట అన్నారు, ఎవరు విన్నారు, అన్నీ అదే రోజు రాసిపెట్టుకోండి. ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. 2017 చట్టం ప్రకారం ఇరవై మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ఆసుపత్రిలో ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి. హెచ్‌ఐవీ సంగతైతే రాష్ట్రంలో ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ అనే అధికారి దగ్గరికీ వెళ్లొచ్చు. ఈ కోపంలో మందులు మాత్రం మానకండి. ఆ ఆసుపత్రి వద్దనిపిస్తే ఇంకో ఊరి సురక్ష క్లినిక్‌కు మారండి.

తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది

చీము, మంట మందు పడిన రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టాలి, వారానికి పూర్తిగా పోవాలి. ఆ ఏడు రోజులు, భాగస్వామి కూడా మందు వేసుకుని ఏడు రోజులు నిండేదాకా, కలవొద్దు. తప్పదంటే కండోమ్‌తో. ఎనిమిదో రోజు తగ్గినా తగ్గకపోయినా ఒకసారి వెళ్లి చూపించుకోండి. తగ్గలేదంటే కారణం సాధారణంగా మూడింటిలో ఒకటి: మందు పూర్తిగా వేసుకోలేదు, మళ్లీ సోకింది, లేదా ఆ మందుకు లొంగని క్రిమి. ఏదన్నది డాక్టర్ తేలుస్తారు. అదే మందు మీ అంతట మీరు ఇంకో కోర్సు కొనుక్కోకండి.

హెర్పిస్ పొక్కులు మానిపోతాయి, మొదటిసారి వస్తే రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు, కానీ మళ్లీ మళ్లీ రావచ్చు. వస్తే మందు పనిచేయలేదని కాదు. చురుక్కుమనడం మొదలైన మొదటి రోజే వెళ్తే త్వరగా అణుగుతుంది.

సిఫిలిస్‌కు కంటితో చూసి చెప్పలేం, అంకెతో చూడాలి. మీ కాగితంలో ఆర్‌పీఆర్ లేదా వీడీఆర్‌ఎల్ అనే రక్తపరీక్ష పేరు పక్కన 1:32 లాంటి అంకె ఉంటుంది. ఇంజెక్షన్ తర్వాత మూడు, ఆరు, పన్నెండు నెలలకు మళ్లీ రక్తం ఇస్తే ఆ రెండో అంకె దిగాలి. 1:32 ఉన్నది 1:8కో అంతకన్నా కిందికో వస్తే మందు పనిచేసినట్టు. 1:16 అంటే ఇంకా తేల్చలేం. తగ్గింది కాస్తా మళ్లీ 1:32కు ఎక్కితే తిరిగి సోకి ఉండవచ్చు. టీపీహెచ్‌ఏ అని ఇంకో పరీక్ష ఉంటుంది, అది చాలామందికి జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. ప్రైవేటు ల్యాబ్‌లో అది చూసి ఎవరైనా మళ్లీ ఇంజెక్షన్లు వేయించుకోమంటే, పాత కాగితం చూపించండి. దాన్ని పారేయొద్దన్నది ఇందుకే. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో, అదే రకం పరీక్ష చేయించుకోండి. ఒకసారి ఆర్‌పీఆర్, ఇంకోసారి వీడీఆర్‌ఎల్ చేయిస్తే రెండు అంకెలను పోల్చలేం.

ఇంటికి చేరగానే మూడో నెల తేదీని ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. పక్కన పరీక్ష పేరు రాయక్కర్లేదు. “తిరుపతి పని” అని రాసుకుంటే చాలు.